పారబోయని నీళ్లు

పదో తరగతి పిల్లలకు కర్త, కర్మ, క్రియ చెప్పి చెప్పి నోరు అరిగిపోతున్న రోజుల్లో నా రక్తంలో క్రియాటినిన్ అనే పదార్థం ఒకటుందని, అది ఉండాల్సిన దానికంటే ఎక్కువగా ఉందని తెలిసింది. తెలుగు పంతులమ్మను కదా, రిపోర్టు చూడగానే వ్యాకరణమే గుర్తుకొచ్చింది. కర్మ నాది, క్రియ రక్తానిది. కర్త ఎవరన్నది ఇప్పటికీ సరిగా తేలలేదు. డాక్టరేమో బీపీ అన్నాడు. మా ఇంట్లో కొన్నాళ్లపాటు నేనే అన్నారు.

అప్పటికి తొంభైలు ముగుస్తున్నాయి. మేముండేది గౌడవెల్లిలో, మా ఆయన సొంతూరు. ఆయన మేడ్చల్ దగ్గర ఒక ఫ్యాక్టరీకి బండి మీద పోయేవాడు. నేను మేడ్చల్‌లోనే ఒక ప్రైవేటు బడికి ఆటోలో పోయేదాన్ని. పొద్దున లేచేసరికి నా మొహం ఉబ్బి ఉండేది. సాయంత్రానికి ఆ ఉబ్బు పాదాల్లోకి దిగేది. స్టాఫ్‌రూమ్‌లో అందరూ నేను ఒళ్లు చేశానని, మొహంలో కళ వచ్చిందని మెచ్చుకున్నారు. నేనూ మురిసిపోయాను. పుట్టి బుద్ధెరిగిన తర్వాత నన్ను బాగున్నావని అన్నది ఆ ఒక్కసారే. అదీ రోగ లక్షణమైంది.

సుచిత్ర చౌరస్తా దగ్గర సాయంత్రంపూట కూర్చునే కిడ్నీ డాక్టరు నన్ను చూసి, కడుపు స్కానింగు చూసి, అంతకుముందు కాన్పుల గురించి అడిగాడు. రెండుసార్లు బీపీ పెరిగి బిడ్డ దక్కలేదని చెప్పాను. ఆయన తలాడించాడు. రెండూ ఒకే తాటికి కట్టిన సంగతులని అప్పుడు తెలిసింది. పిండం నిలవని ఒంట్లో మూత్రపిండాలు మాత్రం ఎందుకు నిలుస్తాయి అనుకున్నాను. ఈ మాట ఎవరితోనూ అనలేదు. మాటలతో ఆడుకునే అలవాటు ఉన్నవాళ్లు కొన్ని ఆటలు ఒంటరిగానే ఆడుకోవాలి.

డాక్టరు చెప్పింది సూటిగానే చెప్పాడు. ఇది నయమయ్యేది కాదు, నెమ్మది చేయగలిగేది. మూడు నెలలకోసారి రక్తం, మూత్రం పరీక్ష చేయించుకోవాలి. అంకెలు ఎంత నెమ్మదిగా పెరిగితే అంత కాలం గోలీలతో గడిచిపోతుంది. ఒక గీత దాటాక రక్తం శుభ్రం చేసే మిషన్ తప్పదు. మిషన్ అంటే వారానికి రెండుసార్లు సికింద్రాబాద్, పోయిన ప్రతిసారీ రోజంతా అక్కడే. మిగతా మాటలన్నీ నా చెవుల పక్క నుంచి పోయాయి, ఈ మాట ఒక్కటే లోపలికి దిగింది. వారానికి రెండు రోజులు రాని టీచరును ఏ ప్రైవేటు బడీ ఉంచుకోదు. మిషన్ ఎక్కిన రోజు నేను బడి దిగాలి.

బడి అంటే నాకు జీతం ఒక్కటే కాదు. లాల్‌గడి మలక్‌పేట్‌లో మా పుట్టింటి నుంచి డిగ్రీ దాకా చదివిన ఆడపిల్లను నేనొక్కదాన్నే. ఇంట్లో ఒకరికి భార్యను, ఊళ్లో ఒకరికి కోడలిని, దావత్‌లకు పోతే పిల్లలు లేనిదాన్ని. మొదటి గంటకూ చివరి గంటకూ మధ్య మాత్రమే నేను టీచరమ్మను. ఆ రెండు గంటల మధ్య కాలాన్ని కాపాడుకోవడమే నాకు కిడ్నీని కాపాడుకోవడం.

ఊళ్లో మాత్రం నా రోగం ఎవరికీ నచ్చలేదు. కిడ్నీ అంటే మా వైపు రాళ్లే. చూడటానికి వచ్చినవాళ్లు ఒకరు ఉలవల కట్టు తాగమన్నారు, ఒకరు అరటి దూట రసం చెప్పారు, మరొకరు కరిగి బయటికొచ్చిన తమ రాయిని పొట్లం కట్టి తెచ్చి మరీ చూపించారు. నాకు రాళ్లు లేవని చెబితే మా పక్కింటి పెద్దమ్మ చాలా నిరుత్సాహపడింది.

"రాళ్లు లేకుంటే ఇగ రోగమేంది టీచరమ్మా," అంది, నేనేదో దాస్తున్నట్టు.

మా దగ్గర రోగమున్నవాళ్ల ఇంటికి ఉత్త చేతులతో రారు. బత్తాయిలు, అరటిపండ్లు, కొబ్బరి బొండాలు తెస్తారు. నాకు ఏవేవి విషమో అవన్నీ ఏరి తెచ్చినట్టుగా తెచ్చేవాళ్లు. ఫలితం బాగుండాలంటే ఫలాలు మానమన్నారని చెబితే ఎవరికీ నవ్వు రాలేదు. నాకే రానప్పుడు వాళ్లకెందుకు వస్తుంది?

మొదటి కొన్నేళ్లు నేను మంచి విద్యార్థినిలాగే చదివాను. ఉప్పు తగ్గించాను. సవర్ణదీర్ఘ సంధి, గుణ సంధి కంఠస్థం చేయించే నాకు ఉప్పుతో ఏ సంధీ కుదరలేదు. పద్యం పాడే నోటికి పథ్యం అలవాటు చేశాను. మూడు నెలలకోసారి పరీక్ష రాశాను. తక్కువ వస్తే పాసు, ఎక్కువ వస్తే ఫెయిలు. మార్కుల లెక్క తిరగబడిన ఈ బడిలో నేను అటూ ఇటుగా గట్టెక్కుతూనే వచ్చాను.

అన్నిటికంటే సిగ్గుపడ్డది క్యాను మోసిన రోజు. ఒక పగలూ రాత్రీ మొత్తం మూత్రం ఒక తెల్లటి ప్లాస్టిక్ క్యానులో పట్టి ల్యాబుకు తేవాలన్నారు. దాన్ని గుడ్డ సంచిలో పెట్టుకుని మేడ్చల్‌లో బస్సెక్కాను. పక్క సీట్లో కూర్చున్న ముసలామెది మా ఊరే. సంచి మూతి నుంచి క్యాను మెడ కనిపించినట్టుంది.

"నెయ్యా బిడ్డా?" అని అడిగింది.

కాదు, మందు అన్నాను. దేనికి మందు అంది. ఒంటికి అన్నాను. ఆమె కాసేపు ఆలోచించి, తన మోకాళ్లు చూపించి, పనికొస్తే జరంత పోస్తావా అని అడిగింది. సుచిత్ర వచ్చేదాకా ఆ క్యానును ఒళ్లో పెట్టుకుని, నవ్వితే ఎక్కడ ఒలుకుతుందోనని బిగబట్టుకుని కూర్చున్నాను. నా రోగంలో నేను మనసారా నవ్వాలనుకున్న రోజు అదొక్కటే.

రెండు వేల సంవత్సరం దాటాక కొత్త పాఠం మొదలైంది. రక్తంలో పొటాషియం పెరుగుతోందన్నారు. క్రియాటినిన్ నెమ్మదిగా చంపుతుందట, ఇది పెరిగితే గుండెను ఉన్నపళంగా ఆపేస్తుందట. ఆసుపత్రిలో తిండి సంగతులు చూసే అమ్మాయి నాకు వంట మళ్లీ మొదటి నుంచి నేర్పింది. కూరగాయలు చిన్న ముక్కలు కోయాలి, వేడినీళ్లలో నానబెట్టాలి, ఎక్కువ నీళ్లు పోసి ఉడికించాలి, ఆ నీళ్లు పారబోయాలి. అప్పుడు ఆ ముక్కలతో కూర చేసుకోవాలి. నీళ్లతోపాటే పొటాషియం పోతుంది, మిగిలిన ముక్కకు రుచి ఉండదు, ప్రమాదమూ ఉండదు. మొత్తానికి నా తిండి కూడా నాలాగే అయ్యింది.

ఇంత పని చేసుకుని బడికి పోవడం నా వల్ల కాలేదు. ఒంట్లో రక్తం తగ్గి మెట్లు ఎక్కితే ఆయాసం వచ్చేది. అప్పుడు లాల్‌గడి మలక్‌పేట్ నుంచి మా అమ్మ వచ్చింది.

ఆమె రావడం చిన్న సంగతి కాదు. మా వాళ్లలో తల్లి పెళ్లయిన కూతురి ఇంట్లో ఉండదు. చూసిపోతుంది, రాత్రి ఉండాల్సి వస్తే ముడుచుకుని ఉంటుంది. అల్లుడి సొమ్ము తింటున్నానన్న బెరుకు ఆమె నడకలోనే కనిపించేది. ఆయన ఇంట్లో ఉంటే మంచం మీద కూర్చునేది కాదు. ఆయనతో ఏమన్నా చెప్పాలంటే తలుపు చాటు నుంచి నాకు చెప్పేది, ఆయనకు వినపడేలా. అందరూ తిన్నాక మిగిలింది తినేది. ఆ ఇంట్లో తను ఉన్నందుకు ఒక్క గింజ కూడా ఎక్కువ ఖర్చు కాకూడదని ఆమె పట్టుదల. కొత్తిమీర కాడలు పచ్చడిలోకి పోయేవి. బియ్యం కడిగిన నీళ్లు కరివేపాకు చెట్టుకు పోయేవి. మా ఇంట్లో చెత్తబుట్ట ఖాళీగా ఉండటం అప్పుడే చూశాను.

కూరగాయల సంగతి నేను ఆమెకు పూసగుచ్చినట్టు చెప్పాను. నీళ్లలోకి దిగేదే నాకు పడనిది, అందుకే పారబోయాలి అని. "అట్లనే బిడ్డా," అంది. ఆమె వంట చేసేది తెల్లవారుజామున నేను లేవకముందు, లేదంటే నేను బడిలో ఉన్నప్పుడు. ఆదివారం వంట ఆయనది, కోడి కూర. నేను కంచం ముందు మాత్రమే కూర్చునేదాన్ని.

తర్వాతి పరీక్షలో పొటాషియం తగ్గలేదు. ఆ తర్వాతి పరీక్షలో పెరిగింది. డాక్టరు ఒక్కొక్కటే అడిగాడు. పండ్లు? లేదు. కొబ్బరి నీళ్లు? లేదు. బయటి తిండి? లేదు. అయితే ఎవరికీ తెలియకుండా ఏమైనా తింటున్నారా అని నవ్వుతూ అడిగాడు. పక్కనే కూర్చున్న మా ఆయన నవ్వలేదు.

ఆ రోజు నుంచి ఆయన నా టిఫిన్ డబ్బా మూత తీసి వాసన చూసేవాడు. పచ్చడి జాడీ అటక ఎక్కింది. ఒకరోజు బడిలో పిల్లలెవరో నా టేబుల్ మీద పెట్టిన జామకాయను అమ్మ కోసం సంచిలో వేసుకుని తెచ్చాను. అది ఆయన చేతికి చిక్కింది. అమ్మకు తెచ్చానన్నాను. ఆయన జామకాయ వైపు, నా వైపు, తలుపు చాటున నిలబడ్డ అమ్మ వైపు చూశాడు.

"నోరు కట్టుకోలేవా? చిన్నపిల్లవా?" అన్నాడు.

నేను ముప్పై దాటిన మనిషిని. నలుగురికి పాఠం చెప్పేదాన్ని. జామకాయ దొంగనయ్యాను. ఆయన స్నానానికి పోయాక అమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. ఆమె కూడా నమ్మిందని ఆమె గొంతులోని జాలిని బట్టి తెలిసింది.

"తినబుద్ధయితది బిడ్డా, ఎవరికైనా అయితది. గట్లయినప్పుడు నాకు చెప్పు. జర చారు పోస్త, తాగు," అంది.

ఆమె చారు ఆ రోజుల్లో నాకు పెద్ద ఓదార్పు. పలుచగా చేసుకుని ఒక గరిటె పోసుకోవచ్చని ఆసుపత్రి అమ్మాయి చెప్పింది కాబట్టి అది దొంగతనం కాదు. ముక్కలు పిప్పిలా ఉండేవి, చారు మాత్రం కమ్మగా, ఏదో పస ఉన్నట్టుగా ఉండేది. అమ్మ చేతి మహిమ అనుకున్నాను. అంకెలు పెరుగుతున్నకొద్దీ నేను ఒక్కొక్కటే మానేస్తూ వచ్చాను. చాయ్ మానేశాను. పెరుగు మానేశాను. చాక్‌పీసు పొడి గొంతులోకి పోయి అంకె పెరుగుతుందేమోనని కూడా అనుమానపడి బోర్డుకు దూరంగా నిలబడ్డాను. చివరికి నాకు మిగిలింది చారే. ఇంకో గరిటె పొయ్యమని అడిగేదాన్ని. ఆమె సంతోషంగా పోసేది.

ఒక మధ్యాహ్నం తరగతిలో పద్యానికి ప్రతిపదార్థం చెబుతుండగా కాళ్లు నావి కాకుండా పోయాయి. చాక్‌పీసు చేతిలోంచి జారింది. వంగి తీసుకోబోయి లేవలేకపోయాను. గుండె ఒకసారి కొట్టుకుని, తర్వాత కొట్టుకోవాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టుంది. చాక్‌పీసు కోసం వెతుకుతున్నానని పిల్లలు అనుకున్నారు, ఒకమ్మాయి తెచ్చి ఇచ్చింది కూడా.

సికింద్రాబాద్‌లో మెడకు గొట్టం వేసి మిషన్ మీద పెట్టారు. ప్రాణం దక్కింది. కిడ్నీల్లో ఇక చెప్పుకోదగ్గదేమీ మిగల్లేదని, చెయ్యి సిద్ధం చేసుకోవడం మంచిదని డాక్టరు చెప్పాడు. చెయ్యి సిద్ధం చేయడమంటే మణికట్టు దగ్గర రెండు రక్తనాళాలను కలిపి కుట్టడం, తర్వాత మిషన్ సూదులు గుచ్చడానికి. మా ఆయన మంచం పక్కన నిలబడి, "ఇప్పటికైనా చెప్పు, ఏం తిన్నవ్?" అని అడిగాడు. మెడలో గొట్టం ఉండటం వల్ల తల అడ్డంగా కూడా ఊపలేకపోయాను.

ఇంటికి తెచ్చాక గాలి తగులుతుందని వంటింటి గడప దగ్గర మంచం వేశారు. అమ్మ వంట చేస్తుంటే నేను దగ్గర ఉండి చూడటం అదే మొదటిసారి. అమ్మ ఆలుగడ్డలు, తోటకూర కోసింది. చెప్పినట్టే నానబెట్టింది. చెప్పినట్టే ఉడికించింది. గిన్నె మీద మూత అడ్డం పెట్టి నీళ్లు వంచడం కనిపించింది. నీళ్లు మోరీలో పడే చప్పుడు కోసం నా చెవులు వాటంతటవే ఎదురుచూశాయి. ఆ చప్పుడు రాలేదు. గిన్నెలోంచి గిన్నెలోకి నీళ్లు దిగే చప్పుడు వచ్చింది. తర్వాత ఆమె చింతపండు పిసికింది.

"అమ్మా, ఆ నీళ్లు ఏం చేస్తున్నవ్?"

"చారు పెడుతున్న బిడ్డా."

"ఆ నీళ్లతోనా?"

"మరి? సత్తువంత గా నీళ్లల్లకే దిగుతది. నువ్వు తినేది ఉత్త పిప్పి. గివి కూడ పారబోస్తే నీ ఒంటికి ఏం బడ్తది?"

"పారబొయ్యమని చెప్పిన కద అమ్మా."

ఆమె చింతపండు పిసకడం ఆపలేదు. చిన్నగా నవ్వింది కూడా, మంచిపని చేస్తూ దొరికిపోయినప్పుడు నవ్వే నవ్వు.

"చెయ్యి రాలే బిడ్డా. అల్లుని ఇంట్ల ఉంటి. ఆయన కొనుక్కొచ్చిన కూరగాయలల్ల సగం మోరీల పోస్తే ఏమనుకుంటడు? నీళ్లు తీసి ముక్కలు వండుమన్నరు, వండుతున్న. నీళ్లు ఇడిసిపెట్టుడెందుకు?"

ఎప్పటి నుంచి అని అడిగాను. వచ్చిన్నాటి సంది అంది.

అప్పుడు నేను మెత్తగా చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. ఆ నీళ్లే నన్ను ఆసుపత్రికి పంపాయని, నేను ఏ పండూ దొంగతనంగా తినలేదని, గుండెను ఆపబోయింది ఆ చారేనని, పిల్లలకు పాఠం చెప్పినట్టు విడమరిచి ఒక్కొక్క మాటా చెప్పాను. జీవితంలో నేను అంత స్పష్టంగా చెప్పిన పాఠం ఇంకొకటి లేదు. ఆమె చేతులు గిన్నెలోనే ఆగిపోయాయి. తర్వాత గిన్నె ఎత్తి మోరీలో వంచింది. చింతపండు పిప్పితో సహా అంతా పోయింది. గిన్నె తోమింది, కడిగింది, మళ్లీ తోమింది.

సాయంత్రం మా ఆయన వచ్చాక చెప్పాను. నాకు కావాల్సింది ఒకే ఒక్క మాట. ఏ మాటో ఆయనకు తెలుసనుకున్నాను. ఆయన మొత్తం విని, బూట్లు విప్పుతూ అన్నాడు.

"మరి నువ్వు చూస్కోవద్దా? చదువుకున్నదానివి."

అమ్మను ఆయన ఒక్క మాట కూడా అనలేదు. అత్తగారి పట్ల ఆయన మర్యాద ఎప్పుడూ తప్పలేదు. దొంగతనం నుంచి నాకు విముక్తి దొరికింది, నిర్లక్ష్యం కింద మళ్లీ పట్టుబడ్డాను. మర్నాడు అమ్మ చీరలు మూట కట్టుకుని, తలుపు చాటు నుంచి, "పోతున్ననని చెప్పు బిడ్డా," అని నాకు చెప్పి బస్సెక్కింది.

కాస్త నడవగలిగాక బడికి పోయాను. నా తరగతిలోంచి ఇంకొక గొంతు పద్యం చదువుతోంది. బాగానే చదువుతోంది, ఒకచోట యతి దగ్గర ఆగాల్సింది ఆగలేదు, అంతే. హెడ్మాస్టరు గారు కుర్చీ వేయించి, కూల్‌డ్రింకు తెప్పించి, ముందు ఆరోగ్యం చూసుకోండి టీచర్ అన్నారు. సెలవు అడగడానికి పోయినదాన్ని. శాశ్వతంగా ఇచ్చేశారు. ఆ కూల్‌డ్రింకు కూడా నేను తాగకూడనిదే.

అమ్మ చారు లేకపోతే నా కిడ్నీలు నిలిచేవా అని తర్వాత డాక్టరును అడిగాను. అవి ఎటూ పోయేవేనన్నాడు. పొటాషియం కిడ్నీని పాడుచేయదట, పాడైన కిడ్నీయే దాన్ని బయటికి పంపలేదట. కాకపోతే మిషన్ ఏడాదో, రెండేళ్లో ఆలస్యంగా వచ్చేదేమో అన్నాడు. పెద్ద తేడా లేదు లెండి అన్నాడు ఓదార్పుగా. ఏడాది అంటే ఒక బ్యాచ్. రెండేళ్లంటే రెండు. ఆ సంవత్సరం తొమ్మిదిలో నేను పాఠం చెప్పిన పిల్లలు నేను లేకుండానే పదో తరగతి రాశారు.

ఇప్పుడు నా ఎడమ చెయ్యి, రక్తనాళాలు కలిపి కుట్టిన చోట, ఎప్పుడూ గుర్రుమంటూ ఉంటుంది, పిల్లి నిద్రపోయినట్టు. వారానికి రెండుసార్లు సికింద్రాబాద్ పోతాను. పరీక్షలు ఇప్పుడు నెలనెలా, కానీ పాసయ్యేదీ లేదు, ఫెయిలయ్యేదీ లేదు.

అమ్మ అప్పుడప్పుడు వస్తుంది. రోగి ఇంటికి ఉత్త చేతులతో రాని మా ఊళ్లలో ఆమె ఒక్కతే చేతులు ఊపుకుంటూ వస్తుంది. అక్కడ తమ్ముడి ఇంట్లో కూడా పొయ్యి దగ్గరికి పోవడం లేదని, ఏమన్నా అడిగితే చేతకాదంటుందని మరదలు చెప్పింది. మా ఇంట్లో గడప దాకా వచ్చి, వంటింటికి అవతలే కింద కూర్చుంటుంది.

"ఎంతొచ్చింది బిడ్డా?" అంటుంది.

అంకె చెబుతాను. అది ఎక్కువో తక్కువో ఆమెకు తెలియదు. నా మొహం చూసి తెలుసుకోవాలని చూస్తుంది. మంచిదేనా అంటుంది. మంచిదే అంటాను. తర్వాత నేను లేచి నా కూరగాయలు నేనే ఉడికించుకుంటాను. నీళ్లు వంచి మోరీలో పోస్తాను. ఆ చప్పుడుకు ఆమె ప్రతిసారీ కళ్లు మూసుకుంటుంది.

చప్పుడు కాకుండా పోయడం పెద్ద కష్టమేమీ కాదు. నేనింకా నేర్చుకోలేదు.